లోకపు రహదారియు సంఘపు తలుపును
(నెలసరి వాక్యపాఠము)

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 16:9–40, ఫిలిప్పీయులకు 4:10–20, ప్రకటన 18:11–13
కంఠస్థము చేయవలసిన వచనము: ఎఫెసీయులకు 2:19

ఉపోద్ఘాతము



ఈ నెల పాఠమునకు మేము ఏర్పరచుకొనిన విషయము పేరునకు పెద్దదిగా తోచును గాని, అది మన గడప దాటి లోపలికి వచ్చియే యున్నది. పత్రికలలో దానిని ప్రపంచీకరణము అని వ్రాయుచున్నారు. సరుకులు, సొమ్ము, మనుష్యులు, మాటలు దేశముల నడుమ మునుపు లేని వేగముతో రాకపోకలు చేయుటకే ఆ పేరు. మన దేశము 1991లో తన వర్తక విధానమును మార్చుకొనెను. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినప్పుడు దానిలో సభ్యదేశమాయెను. అప్పటినుండి ఈ ప్రవాహము పల్లెలకు మరింత దగ్గరకు వచ్చినది.

ఒక దృష్టాంతము చూడుడి. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము మన దేశపు సరుకులలో పెక్కింటిమీద సుంకమును 50 శాతమునకు పెంచెను. ఉత్తరువు వెలువడినది వాషింగ్టనులో. దిగులు కలిగినది భీమవరము చుట్టుపట్ల రొయ్యల చెరువుల గట్లమీద. చెరువు కౌలుకు తీసికొనినవానికిని, రొయ్యలు ఒలుచు కూలి తల్లికిని ఆ దూరపు మాట తగిలెను. ఇది మనకు బొత్తిగా క్రొత్త సంగతి కాదు. రోమాలో కైసరు ఔగుస్తు ఆజ్ఞ ఇయ్యగా, నజరేతులోని వడ్రంగి గర్భవతియైన మరియతో బేత్లెహేమునకు ప్రయాణము కావలసి వచ్చెనని ప్రతి క్రిస్మసునకు మనము చదువుచున్నాము (లూకా 2:1–5). దూరపు రాజు మాట పేదవాని ఇంటిని కదల్చుట ఆనాడును ఉన్నది. మన ప్రభువు అట్టి కదలికలోనే జన్మించెను.

ఈ విషయమున మన సంఘములలో రెండు తలంపులు వినబడుచున్నవి. పెద్దలు కొందరు, “లోకపు గాలి వీచి మన విశ్వాసము ఆరిపోవుచున్నది, తలుపులు మూసికొనుటయే మేలు” అందురు. యౌవనస్థులు కొందరు, “లోకము ఇంత పెద్దదిగా నుండగా, ముప్పదిమంది కూడుకొను మన ఊరి గుడిలో ఏమున్నది?” అందురు. ఈ రెంటిలో ఏదియు పరిశుద్ధ గ్రంథము నేర్పు మార్గము కాదని మేము తలంచుచున్నాము. లోకపు రహదారిని మనము మూయలేము, దానికి మ్రొక్కనుకూడదు. ఆ రహదారిమీద వచ్చు మనుష్యుని సరుకుగా ఎంచుదుమా, సహోదరునిగా ఎంచుదుమా? మన విశ్వాసమునకు పరీక్ష ఇదియే.

1. రహదారిమీద నడిచిన సువార్త

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో పౌలు త్రోయలో ఓడ ఎక్కి, సమొత్రాకే మీదుగా నెయపొలి రేవులో దిగి, ఫిలిప్పీకి నడిచెను. ఫిలిప్పీ మాకెదోనియలో రోమీయుల వలస పట్టణము. రోమీయులు వేసిన ఎగ్నాతియ అను గొప్ప రహదారి ఆ పట్టణము మీదుగా పోవుచుండెను. ఆ రాతి బాటను సువార్త కొరకు ఎవరును వేయలేదు. సైన్యములు నడుచుటకును, అధికారుల ఉత్తరువులు చేరుటకును వేసిరి; వర్తకులు దాని వెంట సరుకులు తోలుకొనిరి. అయినను దేవుడు తన సేవకులను ఆ బాటమీదనే నడిపించెను.

ఇక్కడ మరియొక సంగతి గమనింపవలెను. ఈ ప్రయాణము ఆసియా నుండి ఐరోపాకు జరిగినది. మనలను చూచి, “మీది విదేశీ మతము, దొరలు తెచ్చిన మతము” అనువారు కలరు. వారితో వాదమునకు దిగనవసరము లేదు గాని, మన పిల్లలు నిజము నెరిగియుండవలెను. ఐరోపావారికిని ఇది ఒకనాడు సముద్రము దాటి వచ్చిన వర్తమానమే. యేసు ప్రభువు ఆసియా ఖండములో పుట్టెను. యెరూషలేము దాటిన ప్రతి దేశమును సువార్తను అతిథిగా చేర్చుకొనిన దేశమే. ఇది మా సొంత ఆస్తి అని చెప్పుకొనదగిన జనము ఏదియు లేదు.

తెలుగు దేశమునకు ప్రొటెస్టెంటు మిషను వచ్చిన విధమును ఇట్టిదే. లండను మిషనరీ సొసైటీవారైన క్రాన్, డెస్ గ్రాంజెస్ అను ఇద్దరు 1805లో విశాఖపట్టణము చేరిరి. వారు వచ్చిన సముద్రమార్గము ఈస్టిండియా కుంఫిణీ వర్తకులు నడిచిన మార్గమే. అయితే కుంఫిణీవారి కోరికయు వీరి కోరికయు ఒకటి కాదు. మిషనరీల రాకకు చట్టము ద్వారా దారి తెరువబడినది 1813 చార్టరు చట్టముతోనే. బాట ఒకటియైనను, దానిమీద నడుచువారి ఉద్దేశములు వేరు వేరుగా నుండవచ్చును.

2. ఫిలిప్పీలో ముగ్గురు మనుష్యులు

ఆ పట్టణములో సువార్త ముగ్గురిని కలిసికొనెను. ముగ్గురును లోకపు రహదారికి చేరినవారే.

మొదటి ఆమె లూదియ. ఆమె ఊరు తుయతైర, అనగా సముద్రమునకు ఆవలనున్న ఆసియా పట్టణము. ఖరీదైన ఊదారంగు సరుకు అమ్ముకొనుచు ఫిలిప్పీలో నివసించుచుండెను. వర్తకము కొరకు పరదేశమునకు వచ్చినది. విశ్రాంతిదినమున నదితీరమున ప్రార్థించు స్త్రీల నడుమ ప్రభువు ఆమె హృదయమును తెరచెను. ఆమె వెంటనే తన యింటి తలుపు తెరచి, అపొస్తలులను బలవంతము చేసి లోపలికి పిలుచుకొనెను. ఫిలిప్పీలోని విశ్వాసులకు ఆ పరదేశి స్త్రీ గృహమే కూడుకొను చోటాయెను (16:40).

రెండవ ఆమె దయ్యము పట్టిన చిన్నది. ఆమె పేరైనను వ్రాయబడలేదు. ఆమె యజమానులు ఆమెచేత సోదె చెప్పించి చాల లాభము సంపాదించుచుండిరి. పౌలు ఆ దయ్యమును వెళ్లగొట్టగా ఆమెకు విడుదల కలిగెను. యజమానులు, “ఈ బిడ్డ స్వస్థపడినది” అని సంతోషించిరా? లేదు. తమ రాబడి పోయెనని చూచుకొని, పౌలును సీలను అధికారులయొద్దకు ఈడ్చుకొనిపోయిరి. అక్కడ రాబడి మాట దాచిపెట్టి, “వీరు యూదులు, మన ఆచారములను చెరుపువారు” అని జాతి మాట ఎత్తిరి. సొమ్ము పోయినప్పుడు దేశాభిమానము పేర కేకలు వేయుట ఆనాడే మొదలైనది.

మూడవవాడు చెరసాల నాయకుడు. దొరతనమువారి ఆజ్ఞ నెరవేర్చుటయే అతని జీవనము. ఖైదీలు అతనికి లెక్క మాత్రమే. లెక్క తప్పినదనుకొనినప్పుడు తన ప్రాణము తీసికొనబోయెను. ఆ రాత్రి అతడే ఆ ఖైదీల గాయములు కడిగి, తన యింట భోజనము పెట్టెను. గాయము కడిగిన ఆ గడియలో ఖైదీ అతనికి లెక్క కాకపోయెను, మనుష్యుడాయెను.

ఈ ముగ్గురిని కలిపి చూడుడి. లోకము లూదియను సరుకునుబట్టియు, ఆ చిన్నదానిని రాబడినిబట్టియు, నాయకుని ఉద్యోగమునుబట్టియు ఎంచెను. సువార్త వారిలో ప్రతివారిని దేవుడు చేసిన మనుష్యులుగా ఎంచెను. మతమునకును లోకపు వర్తకమునకును నడుమ ఎల్లప్పుడు జరుగు పోరాటము ఇదియే.

3. పట్టిక చివరనున్న పేరు

ప్రకటన గ్రంథము 18వ అధ్యాయములో మహా పట్టణము కూలినప్పుడు భూలోకపు వర్తకులు ఏడ్చిరి. వారి ఓడల సరుకుల పట్టిక 12, 13 వచనములలో నున్నది. దానిని నిదానముగా చదువవలెను. అది బంగారుతో మొదలగును. లూదియ అమ్మిన ఊదారంగును అందులో నున్నది. దాల్చినచెక్క, ద్రాక్షారసము, నూనె, గోధుమలు వచ్చును. పశువులు, గొఱ్ఱెలు, గుఱ్ఱములు, రథములు అయిన తరువాత చిట్టచివర దాసులును మనుష్యుల ప్రాణములును ఉండును. ఊదారంగు అమ్ముట పాపము కాదు. మనుష్యుని సరుకుల పట్టికలోనికి ఎక్కించి, రథమునకు తరువాత వ్రాయుటయే ఆ పట్టణపు పాపము.

ఇట్టి పట్టిక మన తెలుగు జిల్లాల చరిత్రలోను కలదు. దక్షిణాఫ్రికాలో నేటాలు అను బ్రిటిషు వలసరాజ్యపు చెఱకు తోటలకు కూలివారు కావలసివచ్చిరి. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ చెన్నపట్టణము నుండి 342 మందిని దర్బను రేవునకు చేర్చెను. 1911లో ఆ పద్ధతి నిలిచిపోవు నాటికి సుమారు 1,52,000 మంది మన దేశస్థులు అక్కడికి పోయిరి. వారిలో తమిళులతో పాటు విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాటు మొదలగు జిల్లాల తెలుగువారు అనేకులు. అయిదేండ్ల ఒప్పందము, మొదటి యేట నెలకు 10 షిల్లింగుల జీతము. ఓడ పట్టికలో ప్రతివానికిని ఒక నంబరు వేసి, తండ్రి పేరు, కులము, ఊరు, శరీరముమీది మచ్చలు వ్రాసికొనిరి. ఒప్పందము తీరిన పిమ్మట అక్కడ నిలిచిపోవువారిమీద మనిషికి ఏటేట 3 పౌనుల పన్ను విధించుచు 1895లో చట్టము చేసిరి. అది 1914 వరకు తీసివేయబడలేదు.

అట్లు పోయినవారిలో నెల్లూరు ప్రాంతపు బాప్టిస్టు విశ్వాసులును ఉండిరి. గుడి లేదు, కాపరి లేడు. ఇండ్లలో కూడుకొని ప్రార్థించుకొనుచుండిరి. తమ భాషలో వాక్యము చెప్పు కాపరి వారికి కావలసియుండెను. అప్పుడు తెలుగు బాప్టిస్టులు తామే నడుపుకొను హోం మిషను సంఘమువారు జాన్ రంగయ్యగారిని నేటాలునకు పంపిరి. ఆయన 1903లో సముద్రము దాటి పోయి, ఆ సంవత్సరము డిసెంబరులో కియర్స్నీ తేయాకు తోటల ప్రాంతమున తెలుగు బాప్టిస్టు సంఘమును స్థాపించెను. 1915లో మరణించువరకు ఆ కూలిజనుల నడుమనే పనిచేసెను.

ఈ చరిత్రలో మనము ధ్యానింపదగినది ఇది. అమెరికా నుండి వచ్చిన శామ్యూలు డే దొరగారు నెల్లూరులో పని మొదలుపెట్టినది 1840లో. అప్పటికి 63 సంవత్సరములు గడచునంతలో, పుచ్చుకొనిన సంఘము పంపు సంఘమాయెను. తోట యజమాని నంబరు పెట్టి పిలిచిన కూలివానిని, రంగయ్యగారు వాని తల్లి పెట్టిన పేరుతో, వాని భాషలో పిలిచెను. లోకపు ఓడ వారిని సరుకువలె తీసికొనిపోగా, అదే సముద్రముమీద ప్రభువు సంఘము తన బిడ్డలను వెదకుచు వెళ్లెను.

4. సొమ్ము ఎటు ప్రవహింపవలెను?

ఫిలిప్పీ సంఘమువారు బీదలు. అయినను పౌలు ఎక్కడ శ్రమపడుచుండినను వారు ఎపఫ్రొదితు వంటివారి చేత సహాయము పంపుచుండిరి (ఫిలిప్పీ 4:15–18). మాకెదోనియ సంఘములు నిరుపేదతనములోనే యెరూషలేములోని పరిశుద్ధుల కొరకు చందా ఇచ్చెనని 2 కొరింథీయులకు 8వ అధ్యాయములో చదువుదుము. ఒకరి సమృద్ధి మరియొకరి అక్కరకు వచ్చి, సమానత్వము కలుగవలెనని పౌలు అక్కడ బోధించెను. ఇచ్చువాడు దొర, పుచ్చుకొనువాడు దాసుడు అను ఏర్పాటు క్రీస్తు సంఘములో లేదు.

1903వ సంవత్సరముననే తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత చందాలతో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. వారు సేవకులను పంపినది మన తెలుగువారియొద్దకే, దోర్నకలు ప్రాంతమునకే. ఆ పనికి వచ్చిన వి. యస్. అజరయ్యగారు 1912లో దోర్నకలు బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికను సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేండ్లు ముందు, 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్యులను చూచి, మీ త్యాగములకు మేము కృతజ్ఞులము గాని మాకు కావలసినది మీ స్నేహము అను భావముతో ప్రసంగించెను. సొమ్ము ఇచ్చి స్నేహము ఇయ్యనివాడు సగమే ఇచ్చినవాడు.

ఈ మాట నేడు మన పల్లె సంఘములకు మిక్కిలి అవసరము. ఇప్పుడు సొమ్ము విదేశీ మిషనులవలన మాత్రమే కాదు, మన బిడ్డలవలనను వచ్చుచున్నది. కుమారుడు అమెరికాలో ఉద్యోగము చేయును. కుమార్తె కువైటులో ఇంటిపని చేయును. గుడికి క్రొత్త కప్పు పడును, గోడమీద పేరు చెక్కిన పలక పడును. ఇది సంతోషమే, దేవునికి స్తోత్రము. అయితే ఆ పలకయందు పేరున్న ఇంటివారికి ముందు కుర్చీయు, ఏటేట వంట బియ్యములో పిడికెడు తీసి ప్రభువు కొరకు దాచిన విధవరాలికి గుమ్మముప్రక్క చోటును చూపినయెడల, యాకోబు పత్రిక రెండవ అధ్యాయము మనలను గద్దించును. మన సంఘములను అనేక సంవత్సరములు నిలువబెట్టినది ఆ పిడికిలి బియ్యమే.

5. మన సంఘములు చేయదగిన పనులు

(అ) వెళ్లువారిని ఎరిగి పంపవలెను. బిడ్డ దేశము దాటునప్పుడు ప్రార్థన పెట్టించి విందు చేయుట చాలదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము ప్రకారము విదేశపు కొలువులకు మనుష్యులను పంపు ఏజెంటు ప్రభుత్వమువద్ద రిజిస్ట్రేషను పొందియుండవలెను. ఆ పట్టికను ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చును. పనికని చెప్పి విజిట్ వీసామీద పంపువానిని నమ్మరాదు. ఒప్పంద పత్రపు నకలును, పాస్‌పోర్టు నకలును ఇంటియొద్ద ఉంచుకొనవలెను. చదువు వచ్చిన యౌవనస్థులు ఈ సంగతులు చూచిపెట్టుట గొప్ప సేవ. వడ్డీకి అప్పుచేసి ఏజెంటు చేతిలో పోసిన కుటుంబము మోసపోయినయెడల, ఆ భారము సంఘమంతటికిని తగులును.

(ఆ) వెళ్లినవారిని పేరుతో జ్ఞాపకము చేసికొనవలెను. సంఘపు పుస్తకములో వారి పేర్లు, ఉన్న దేశము, పని వ్రాసి, నెలకొక ఆదివారమైనను ఒక్కొక్కరి పేరు చదివి ప్రార్థింపవలెను. కువైటులో వారపు సెలవు శుక్రవారము గనుక అక్కడి విశ్వాసులు ఆ దినమున కూడుకొనుచున్నారు. ఆ నగరములోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణములో అనేక భాషల సంఘములు ఆరాధించుచున్నవి. ఇంటిపనివారికి వారమునకొక విశ్రాంతిదినము ఇయ్యవలెనని ఆ దేశము 2015లో చట్టము చేసినది. దాసునికిని దాసికిని పరదేశికిని విశ్రాంతి ఉండవలెనని దేవుడు సీనాయి కొండమీదనే ఆజ్ఞాపించెను (నిర్గమ 20:10). ఈ హక్కు తనకున్నదని వెళ్లు సహోదరికి ముందే చెప్పి పంపవలెను.

(ఇ) మన ఊరికి వచ్చినవారిని చేర్చుకొనవలెను. మన బిడ్డలు పరదేశమునకు పోయినట్లే, ఒడిశా మొదలగు రాష్ట్రముల పేదలు మన ప్రాంతపు ఇటుక బట్టీలకు పిల్లలతో వచ్చుచున్నారు. కువైటు యజమాని మన చెల్లెలిని దయగా చూడవలెనని ప్రార్థించు మనము, మన ఊరి బట్టీలోని తల్లిని ఎట్లు చూచుచున్నాము? ఆమె మాట మనకు తెలియకపోవచ్చును. కుండెడు మంచినీళ్లు ఇచ్చుటకును, జ్వరము వచ్చిన బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోవుటకును భాష అడ్డము కాదు. లేవీయకాండము 19:33, 34 ఈ సందర్భమున కలిసి చదువుకొనుడి.

(ఈ) దూరపు స్వరములను వివేచింపవలెను. సెల్‌ఫోనులో నేడు ఏ దేశపు ప్రసంగమైనను వినవచ్చును. మంచి బోధ వినుట తప్పు కాదు. కాని ఆ బోధకుని స్వరము మనకు తెలియును, మన పేరు ఆయనకు తెలియదు. గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుచుట మంచి కాపరి గుర్తు అని ప్రభువు చెప్పెను (యోహాను 10:3). ఇంటిలో చావు కలిగినప్పుడు పెట్టె మోయువారును, గంజి కాచి తెచ్చువారును ఆ ముప్పదిమందియే. యౌవనులారా, చిన్న గుడి అని చులకన చేయకుడి. ఫిలిప్పీ సంఘము ఒక పరదేశి వర్తకురాలి ఇంటనే కూడుకొనెను.

ముగింపు

లోకము ఒక్కటి యగుచున్నదని అందరును చెప్పుచున్నారు. సంతలో ఒక్కటగుట వేరు, ఒక తండ్రి యింటివారగుట వేరు. సంతలో ధర పలుకనివాడు వెలుపల నిలుచును. తండ్రి యింటిలో ధర పలుకనివానికి మొదట అన్నము పెట్టుదురు. క్రీస్తునందు పరదేశులును పరజనులును లేరు, అందరును దేవుని యింటివారే అని ఎఫెసీ పత్రిక చెప్పుచున్నది. ఆ యింటి తలుపు లోకపు రహదారివైపు తెరచియుండవలెను. లోపలికి వచ్చువానిని, నీవేమి తెచ్చితివని గాక, నీ పేరేమి అని అడుగవలెను.

కూటములో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. లూదియ, దయ్యము పట్టిన చిన్నది, చెరసాల నాయకుడు: వీరిలో ఎవరిని పోలినవారు మన ఊరిలో ఎక్కువగా నున్నారు?
2. మన సంఘమునుండి విదేశములకును పట్టణములకును పోయినవారు ఎందరు? వారి పేర్లు అందరికిని తెలియునా?
3. సంఘములో ఎవరికి ముందు చోటు ఇచ్చుచున్నాము? ఏ కారణమున?
4. ఈ నెలలో మన ఊరికి పనికి వచ్చిన పరస్థలమువారికి మనము చేయగల ఒక మేలు ఏది?

ప్రార్థన

సర్వలోకమునకు తండ్రివైన దేవా, దూరదేశములలో కష్టపడుచున్న మా బిడ్డలను నీ రెక్కలక్రింద కాపాడుము. మా ఊరికి వచ్చిన పరదేశియందు నీ ముఖమును చూచు కన్నులు మాకిమ్ము. మనుష్యులను సొమ్ముతో కొలుచు మనస్సును మాలోనుండి తీసివేయుము. మా చిన్న సంఘపు తలుపును ప్రేమతో తెరచియుంచుము. యేసు క్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.